తమ్ముడి బస్తా

ఆ రోజు తను తలూపకుండా ఉంటే తమ్ముడు బతికేవాడా? ఆరేళ్లుగా అక్కను తొలుస్తున్న అనుమానం ఇది. దేవుడికి దండం పెట్టుకున్నప్పుడల్లా అడుగుతుంది.

గోదాములో ఆమె దబ్బనంతో బస్తాల మూతులు కుడుతుంది. తమ్ముడు ఆ బస్తాలు మోసేవాడు. అమ్మ ఆపరేషన్ కోసం కిడ్నీ అమ్మాడు. "నీ ఇష్టమేనా?" అని బ్రోకరు అడిగితే "ఇష్టమే" అన్నాడు. పక్కనున్న అక్క తలూపింది. ఏడాది తిరక్కుండానే, లారీకి ఆనించిన చెక్క మీద సగం దాకా ఎక్కి బస్తాతో సహా కూలిపోయాడు. మళ్లీ లేవలేదు. ఆ బస్తాను తోటి హమాలీ, అందరూ బావా అని పిలిచే బట్టతలాయన, లారీలోకి చేర్చాడు.

హమాలీల ముఠాలో ఒక కట్టుబాటుంది. ఒకరి బస్తా మరొకరు మోస్తే, మోయించుకున్నవాడు మర్నాడు బదులు మోసిపెట్టాలి. తమ్ముడికి మర్నాడు లేకపోయింది.

ఇప్పుడు కిడ్నీల అమ్మకాన్నే చట్టబద్ధం చేస్తారట. దానికి కూలీల ఒప్పుదల సంతకాల కోసం గోదాములోనే మీటింగు పెట్టారు.

"దొంగచాటు బేరాలుండవు. మంచి డాక్టరు, సరైన ధర, బీమా. అటు ఒక ప్రాణం నిలుస్తుంది. బలవంతమేమీ లేదు" అన్నాడు ప్రభుత్వ అధికారి.

అక్కకు అందులో తప్పు వెంటనే దొరకలేదు. ప్రాణం నిలవడం మంచిదే. ఆ రోజు మంచి డాక్టరుంటే తమ్ముడు కూడా...

గోదాము కాంట్రాక్టరు నవ్వాడు. "ఇక జబ్బులనీ చదువులనీ నా కాళ్లు పట్టుకోకండి. రెండో కిడ్నీ కడుపులో ఖాళీగానే కూర్చుందిగా!"

"ఖాళీగా కూర్చుంది మీరు బాబూ, అది కాదు!" అన్నాడు బావ. గోదాము గొల్లుమంది.

అక్క నవ్వలేదు. లేచి నిలబడింది.

"అయ్యా, ఇష్టమేనా అని మా తమ్ముణ్ణి అడిగారు. మీ అమ్మకి ఊరికే వైద్యం చేయిస్తాం, ఇప్పుడు చెప్పు నీ ఇష్టం, అని మాత్రం ఎవరూ అడగలేదు. అలా అడగండి. అప్పుడు చెప్తాం."

"అది ఇవాళ్టి విషయం కాదమ్మా."

"మాకు అదే విషయం!" వెనక నుంచి పది గొంతులు.

"సంతకం పెట్టనోడికి రేపట్నుంచి పనిలేదు" అరిచాడు కాంట్రాక్టరు.

"రేపటిదాకా ఎందుకు? ఇప్పుడే ఆపేద్దాం!" అంది ముఠా.

లారీల్లోకి ఎక్కిన సరుకంతా దిగింది. గేటుకు అడ్డంగా బస్తాల గోడ లేస్తోంది. కబురందుకుని పోలీసు జీపు వచ్చింది. నెత్తిన బస్తాతో ఉన్న బావను మెడపట్టి లాగారు. బస్తా నేలపడింది. లాఠీ దెబ్బకు పగిలిన నుదురుతోనే ఆయన్ని జీపులోకి తోశారు.

అక్క ఆ బస్తా దగ్గరికి నడిచింది. ఇన్నేళ్లలో వేలకొద్దీ మూతులు కుట్టింది, ఒక్కటీ మోయలేదు.

"నా నెత్తికి ఎత్తండే" అంది తోటి ఆడవాళ్లతో.

"నీ వల్ల కాదక్కా."

"ఎత్తండి."

మెడ నరాలు తెగిపోతాయనిపించింది. తమ్ముడు ఒక్క కిడ్నీతో, రోజుకు ఎనభైసార్లు, ఇంత బరువు మోశాడా? కళ్లు కనిపించలేదు. అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లి గోడ మీద దించింది. వెనక మిగతా ఆడవాళ్లు బస్తాలెత్తుకోవడం వినిపించింది.

జీపువైపు తిరిగింది.

"బావా, తమ్ముడి బస్తాకి బదులు."

కారుతున్న నెత్తురు తుడుచుకుని, బావ తలూపాడు.