కూర్మమ్మ పట్టీలు

కూర్మమ్మ పట్టీలు పోలేదు. కూర్మమ్మ వాటిని అమ్ముకోలేదు, ఏ కుర్రాడికీ ఇవ్వలేదు. పదేళ్ళుగా అవి అరుణశ్రీ ఇంట్లోనే, వాళ్ళమ్మ శ్రుతిపెట్టె పక్కన, పాత బిస్కట్ల డబ్బాలో ఉన్నాయి. ఈ నాలుగు ముక్కలు అరుణశ్రీ ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు మాటున ఒకటి రెండుసార్లు అనబోయి, అక్కడ కూడా మింగేసింది.

రోజూ తెల్లవారుతూనే ఆ డబ్బా మోగుతుంది. ముందు మెల్లగా రెండడుగులు, తర్వాత గబగబా పది పన్నెండు.

"కూర్మమ్మ లేచిపోనాది. నువ్వింకా లెగలేదేటే?" అంటుంది వాళ్ళమ్మ ప్రసూనాంబ, పొయ్యి వెలిగిస్తూ.

విజయనగరంలో ఆ వీధి పిల్లలకి ముప్పై ఏళ్ళు పాట నేర్పిన మనిషి ఆవిడ. ఆవిడ తండ్రి గుళ్ళో సన్నాయి వాయించేవాడు. ఆ ఇంట్లో గడియారం ఆగిపోయి చాలాకాలమైనా ఎవరూ బాగు చేయించలేదు. పట్టీలు బరువుగా, ఆగి ఆగి మోగితే బిందె ఎత్తుకుందని, ఆరయిందని లెక్క. పరుగు పెడితే రొయ్యల కంపెనీ బస్సు వేళ. ఆ పైన సాయంత్రం దాకా డబ్బాలో చప్పుడుండదు. "నిలబడి చేసే పనే పాపం," అంటుంది ఆవిడ. కూర్మమ్మని ఆవిడ ఒక్కసారి కూడా చూడలేదు.

అరుణశ్రీ భోగాపురం దాటి సముద్రం వైపున్న ఒక హైస్కూల్లో ఆఫీసు పని చేస్తుంది. చేరినప్పుడు ఇరవై రెండేళ్ళు. చేరిన మొదటి రోజే హెడ్మాస్టారు ఉమాశంకర్ గారు ఇనప బీరువా తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, "పిల్లల దగ్గర లాక్కున్న సామాన్లన్నీ ఇందులో ఉంటాయమ్మా. పూచీ నీది. తల్లో తండ్రో వచ్చి సంతకం పెడితేనే ఇవ్వాలి. తాళంచెవి మాత్రం బడి దాటకూడదు," అన్నారు.

ఆ బీరువాలో పెట్టిన వస్తువులు తమ పిల్లల్ని మర్చిపోవు. అది బడిలో అందరికీ తెలిసిన సంగతే. సెలవు రోజున ఎక్కడో కుర్రాళ్ళు ఆడుకుంటుంటే లోపల బంతి తలుపుకేసి కొట్టుకునేది. ఉమాశంకర్ గారు విసుక్కుని దాన్ని గుడ్డలో చుట్టించారు. ఒక పిల్ల దువ్వెనకి రోజూ పొద్దున్నే కొత్త వెంట్రుకలు చిక్కుకుని ఉండేవి. అటెండరు ఎల్లాజీ వాటిని దులిపి మళ్ళీ లోపల పెట్టేవాడు.

కూర్మమ్మ అప్పుడు తొమ్మిదో తరగతి. పట్టీలు వాళ్ళ నాన్న గుజరాత్‌లో వీరావల్ బోట్ల మీద పని చేస్తూ, ఊరికొచ్చే వాళ్ళ చేత పంపినవి, మువ్వలవి. ఆ పిల్లకొక అలవాటు. లెక్క తెగగానే బల్ల కింద కాలు ఆడించేది. ఘల్లుమనేది. అందరికంటే ముందు తెగేది కాబట్టి అందరి లెక్కా చెడేది. లెక్కల మాస్టారు మూడుసార్లు చెప్పి చూసి, నాలుగోసారి విప్పించారు.

వారం తర్వాత, శనివారం మధ్యాహ్నం, తల్లి లక్ష్మణమ్మ వచ్చింది. చేపల గంప వరండా మెట్టు కింద దించి, చెయ్యి చీరకి తుడుచుకుంది.

"పాపా, మా పిల్ల పట్టీలిప్పించమ్మా. వోళ్ళ నాన్న పోన్లో రోజూ అడుగుతన్నాడు, ఎట్టుకున్నాదా, కాలికి సరిపోనాయా అని."

అరుణశ్రీ సంచిలో చెయ్యి పెట్టింది. తాళంచెవి లేదు. ముందురోజు పొరపాటున ఇంటికి తీసుకెళ్ళి, అక్కడే మర్చిపోయింది. అంతకు నెల ముందు ఇలాంటి దానికే చీవాట్లు తిని ఉంది. ఉమాశంకర్ గారు వరండా చివర నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నారు. సోమవారం రమ్మంటే ఈవిడ ఎందుకని అడుగుతుంది, గట్టిగానే అడుగుతుంది. పైగా తను ఇంటికెళ్ళే బస్సు వేళ.

"ఇచ్చేశాం కదా. మీ అమ్మాయే తీసుకుంది," అంది అరుణశ్రీ.

లక్ష్మణమ్మ వెనక్కి తిరిగి గేటు వైపు చూసింది. కూర్మమ్మ గేటు బయట బిగుసుకుపోయి నిలబడి ఉంది. ఒక్క అడుగు వేసి ఉంటే చాలు, బీరువాలో పట్టీలు మోగేవి. అబద్ధం అక్కడికక్కడే తేలిపోయేది. భయానికి ఆ పిల్ల కదల్లేదు. బీరువా కూడా చప్పుడు చెయ్యలేదు.

"ఒసే, ఎవుడికిచ్చేసినావే?" అని మాత్రం అడిగింది తల్లి, గేటు దగ్గరికెళ్ళి. తన దగ్గర లేవని పిల్ల అన్నా నమ్మలేదు. ఆ అడగడం రోడ్డంతా విన్నది.

సోమవారం పిల్ల చేతిలో పెట్టేద్దాం అనుకుంది అరుణశ్రీ. సోమవారం కూర్మమ్మ రాలేదు. మంగళవారమూ రాలేదు. పట్టీలు ఏ కుర్రాడికో ఇచ్చిందని ఊళ్ళో మాట పుట్టింది. చదువు మాన్పించి రొయ్యల కంపెనీలో పెట్టారని ఎల్లాజీ చెప్పాడు. బీరువా తనిఖీ ఉందని తెలిసిన రోజు అరుణశ్రీ పట్టీల్ని టిఫిను గిన్నెలో పెట్టుకుని ఇంటికి తెచ్చేసింది. "ఎవరూ రాలేదమ్మా వీటికోసం," అంది తల్లితో. ఈ ఆదివారం వెళ్ళి ఇచ్చేద్దాం అనుకుంది. అలాంటి ఆదివారాలు పదేళ్ళలో ఎన్నొస్తాయో అన్నీ వచ్చాయి.

నాలుగో ఏడు ఒక సాయంత్రం డబ్బా వింతగా మోగింది. ఎవరో చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టు మెల్లగా, తడబడుతూ, ఒకే చోట చుట్టూ తిరిగినట్టు. ప్రసూనాంబ చెవి పెట్టి విని, లోపలికెళ్ళి నాలుగు బియ్యపు గింజలకి పసుపు రాసి డబ్బా మీద చల్లింది. "దానికి పెళ్ళయిపోనాదే," అంది. అరుణశ్రీ కూడా రెండు గింజలు వేసింది. కాలు ఆడించే ఆ ఘల్లు మాత్రం ఈ పదేళ్ళలో ఒక్కసారీ వినపడలేదు. లెక్కలు చేసే అవసరం ఆ పిల్లకి మళ్ళీ రాలేదన్నమాట.

ఈ జూన్‌లో బళ్ళు తెరిచిన వారానికి ప్రసూనాంబ అంది: "మీ కూర్మమ్మకి తాళం తప్పిపోతన్నాదే. కంపెనీకెళ్ళట్లేదో ఏటో. ఎండ గడప మీదకొచ్చే వేళకి, పదిన్నరకనుకో, నడుస్తాది, నడిచి నడిచి ఒకచోట ఆగుతాది. పావుగంట కదల్దు. మళ్ళీ వెనక్కి. నాలుగు రోజుల్నించి ఇదే వరస."

అరుణశ్రీ చేతిలో పళ్ళెం కింద పెట్టింది. నాలుగు రోజుల్నించి పదిన్నర వేళప్పుడు బడి గేటు బయట ఎవరో ఒకామె చిన్నపిల్లని వెంటబెట్టుకుని నిలబడుతోంది. ఆరో తరగతి చేర్పుల హడావిడిలో ఆమె మొహం సరిగ్గా చూడలేదు.

మర్నాడు పదిన్నరకి కిటికీ దగ్గరికెళ్ళి చూసింది. కూర్మమ్మే. మనిషి సన్నబడింది. పక్కన, తల్లి చాటునున్నట్టే ఆమె చాటున నిలబడి, రెండు జడల పిల్ల. ఎల్లాజీ గేటు దాకా వెళ్ళి మాట్లాడాడు. కాసేపటికి ఇద్దరూ వెనక్కి తిరిగారు. అరుణశ్రీ గుమ్మం దాటలేకపోయింది.

"ఆ అమ్మాయి సెల్లెలు మేడమ్, అనూరాధని. అయిదు పాసయిపోనాది," అన్నాడు ఎల్లాజీ లోపలికొస్తూ. "లోపలికి రాయే అంటే రాదు. 'లోనకొస్తే ఈసారేటి పోతాదో బాబూ' అని నవ్వతన్నాది."

"వాళ్ళమ్మని పంపమనకపోయావా?"

"లక్ష్మణమ్మేదీ? పోయిన శ్రావణంలోనే పోనాది కదా మేడమ్. మీకు తెల్దా?"

తెలియదు. పట్టీలు ఏడవవు కదా. ఆ శ్రావణంలో ఏదో ఒక రోజు అవి మామూలుగానే మోగి ఉంటాయి, ప్రసూనాంబ ఆ చప్పుడుకి బియ్యం కడిగి ఉంటుంది. కూతురు అబద్ధమాడిందని నమ్ముతూనే ఆ తల్లి వెళ్ళిపోయింది. ఇంక ఆవిడకి చెప్పడానికి ఏ ఆదివారమూ లేదు.

"మరి చిన్నపిల్లనేం చేస్తుందట?"

"ఇక్కడ కాకపోతే రేపు సాయంత్రం బండికి వీరావల్ పంపించేస్తాదంట, పిన్నమ్మ కాడికి. ఆయమ్మకి సంటిపిల్లలు, సూసుకోడానికి. నాను నచ్చజెప్పి నెంబరు రాయించినాను, మీరో మాట సెప్తారని." ఎల్లాజీ చీటీ బల్ల మీద పెట్టాడు. "బాగా సదువుతాదంట మేడమ్. లెక్కల్లో దిట్టంట."

బస్సులో ఆ చీటీ అరచేతిలో చెమటకి తడిసింది. అరుణశ్రీ ఇల్లు చేరేసరికి ఎండ ఇంకా వీధి గోడ మీదే ఉంది. డబ్బా మోగుతోంది. చిన్న చిన్న అడుగులు, ఇటు నాలుగు, అటు నాలుగు. ఇల్లు సర్దుతున్న అడుగులు, పెట్టె కడుతున్న అడుగులు.

"ఇయాల ఎక్కడిదాకా వొచ్చినాదే?" అంది ప్రసూనాంబ.

"గేటు దాకా."

"నువ్వెక్కడిదాకా ఎళ్ళావు?"

అరుణశ్రీ గోడవారగా చతికిలబడింది. ప్రసూనాంబ శ్రుతిపెట్టె మీద దుమ్ము కొంగుతో తుడుస్తూ, మామూలు మాట చెప్పినట్టే చెప్పింది.

"ఆ శనివారం నీ తాళంచెవి దీని మీదే ఉండిపోనాది. నానే తీసి మేకుకి తగిలించాను. ఆ తర్వాత పట్టీల్ని నువ్వు టిఫిను గిన్నెలో తెచ్చావు. ఎవరైనా టిఫిను గిన్నెలో తెస్తారేటే, దాచుకోవాల్సిన పని లేకపోతే?"

"తెలిసీ పదేళ్ళు ఊరుకున్నావా?"

"నీ నోటితో అంటావని చూశాను. నాది కూడా తప్పే." ఆవిడ డబ్బా తెచ్చి కూతురి ఒళ్ళో పెట్టింది. పట్టీలు లోపల నడుస్తూనే ఉన్నాయి, ఇటు నాలుగు, అటు నాలుగు.

సీటు ఉందని చెప్పడం తేలిక. ఆ మాటతో మొదలుపెట్టకూడదని అరుణశ్రీకి తెలుసు. మొదటి మాట పట్టీల గురించే ఉండాలి. రెండోది లక్ష్మణమ్మ గురించి. ఆ తర్వాత అవతలి మనిషి ఏమన్నా వినాలి, ఫోను పెట్టేస్తే మళ్ళీ చెయ్యాలి, రేపు సాయంత్రం బండి వేళ దాకా చేస్తూనే ఉండాలి.

చీటీ మోకాలి మీద పరిచింది. చెమటకి చెదిరిన ఒక అంకెని వెలుతురుకి పెట్టి పోల్చుకుని, ఫోను చేతిలోకి తీసుకుని, నెంబరు కొట్టింది.

రెండో రింగుకి డబ్బాలో అడుగులు ఆగాయి.