గంజి పద్ధతి నిపుణురాలు

మా ఆయన ఇరవై ఏడేళ్లుగా నత్తల గుండె కొట్టుకోవడం లెక్కపెడుతున్నారు. పిల్ల నత్తల గుల్ల పల్చగా ఉంటుంది, దీపం ముందు పెడితే లోపలి గుండె కనిపిస్తుంది. ఈ అలవాటు మా పెళ్లికన్నా ఏడాది పాతది కనక నేను అడ్డు చెప్పలేదు. దీని మీద ఆయన అరవై ఒక్క పరిశోధన వ్యాసాలు రాశారు.

ఆయన పనిచేసే పరిశోధన సంస్థలోనే, లైబ్రరీలో నా ఉద్యోగం. ఎవరి వ్యాసాన్ని ఎంతమంది తమ వ్యాసాల్లో పేర్కొన్నారో చూసి పట్టికలు వేస్తాను. అలా పేర్కొనడాన్ని సైటేషన్ అంటారు. మా దగ్గర మనిషి విలువ దాన్నిబట్టే. సొంత మొగుడి పట్టిక నేను వేయకూడదని నియమం ఉంది కాబట్టి పక్క టేబుల్ అమ్మాయి వేసింది. నేను ఆమె భుజం మీదుగా చూశాను, అంతే.

అరవై వ్యాసాలకీ కలిపి రెండువందల పద్నాలుగు. అందులో నూట నలభై ఆయన్ను ఆయనే పేర్కొన్నవి. మిగిలిన ఒక్క వ్యాసానికి రెండువేల మూడువందల ఆరు.

ఆ ఒక్కటీ గుండె గురించి కాదు. నత్త కదలకుండా ఉంటేనే కదా లెక్కపెట్టేది. పెళ్లైన కొత్తలో ఆయన ఈ బాధ వెళ్లబోసుకుంటే, మాతోనే ఉండే మా అమ్మ కుట్టుమిషన్ ఆపి, "జారుడు బట్టకి మేమేం చేస్తాం అల్లుడుగారూ? బల్లకి పల్చగా గంజి రాసి ఆరబెట్టి, ఒక్కసారి నోటితో ఆవిరి ఊదుతాం. ఆపైన బట్ట కదిలితే నన్నడగండి" అంది. ఆయన గాజుపలక మీద అలాగే చేశారు. నత్త కదల్లేదు. రెండు పేజీల వ్యాసం రాసి, చివర అమ్మ పేరు పొడి అక్షరాల్లో, మా ఇంటి చిరునామాతో సహా వేసి, "వ్యక్తిగత సంభాషణ" అని పెట్టారు. దర్జీ అనీ అత్తగారనీ రాయడానికి మొహమాటపడ్డారు.

తర్వాత పుప్పొడి వాళ్లు, కంటి వైద్యులు, పాత చిత్రాల రంగు పెచ్చులు పరీక్షించేవాళ్లు, మొత్తం పదిహేడు శాస్త్రాల వాళ్లు ఆ పద్ధతి మీద పడ్డారు. ప్రతివాడూ ముందువాడి వ్యాసంలోంచి అమ్మ పేరు ఎత్తి రాసుకున్నాడు. దారిలో ఎవరో దాని ముందు "ఆచార్య" తగిలించారు. ఇంకెవరో "కీర్తిశేషులు" అన్నారు. అది చదివి వినిపిస్తే అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, నేనే చంపినట్టు.

ఈ ఏడాది ప్రొఫెసర్ పదవికి మా ఆయనకు ఆఖరి అవకాశం. రాకపోతే నత్తల గది ఖాళీ చేసి రసాయనశాస్త్రం వాళ్లకు అప్పగించాలి. ఎంపిక కమిటీ అధ్యక్షుడు కూడా రసాయనశాస్త్రం మనిషే, నాలుగువందల వ్యాసాల వాడు. "మీ నత్తల అరవై వ్యాసాలకి వచ్చినవి మాకు నెలలో వస్తాయండీ" అని వరండాలో నాతోనే అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ప్రపంచం మొత్తం మీద నత్త గుండె చూసేవాళ్లు ఇరవై మంది ఉంటే ఎన్ని సైటేషన్లు వస్తాయి?

అయితే ఆ రెండువేలనీ కాదనలేక, గంజి పద్ధతికి ఆద్యులైన ఆచార్యులవారి అభిప్రాయం తీసుకోవాలని కమిటీ తీర్మానించింది. ఉత్తరం వ్యాసంలో ఉన్న చిరునామాకి, అంటే మా ఇంటికి వచ్చింది. అది ఎవరి ఇల్లో ఒక్కరూ పోల్చుకోలేదు.

మా ఆయన ఉత్తరం రెండుసార్లు చదివి, "నిజం చెప్తే పదవి పోతుంది, చెప్పకపోతే పరువు పోతుంది" అన్నారు.

"ఉత్తరం ఎవరికొచ్చింది?" అంది అమ్మ.

"మీకే అత్తయ్యగారూ."

"మరైతే మీరు పక్కకి జరగండి. అమ్మాయ్, కాయితం తియ్యి. నేను చెప్పింది చెప్పినట్టు రాయి."

నేను రాశాను. "అయ్యలారా, నేను దర్జీని, ఈయనకి అత్తగారిని. బతికే ఉన్నాను. గంజి సంగతి నాది. దానికోసం ఈయనకి పదవి ఇవ్వకండి. ఎండకీ చలికీ నత్త గుండె ఎలా మారుతుందో ఈయన అరవైసార్లు రాశారు. నాకు చదువు రాదు కనక చదవలేదు. మీకొచ్చు కదా, మీరెందుకు చదవలేదు?"

"ఆఖరి మాట తీసేద్దామా అమ్మా?" అన్నాను.

"నేను కుట్టింది విప్పడం ఎప్పుడైనా చూశావా?" అంది.

పదిరోజుల తర్వాత ఇంటర్వ్యూ. పదింటికి లోపలికి వెళ్లిన మనిషి ఒంటిగంటన్నరకి బయటపడ్డారు. ఇంటికొచ్చేసరికి గొంతు బొంగురుపోయింది. పదవి ఇచ్చారు, గది కూడా దక్కింది. అధ్యక్షుడు వ్యాసాలన్నీ నిజంగానే చదివొచ్చి, ముప్పై నాలుగో దాంట్లో ఒక లెక్క తప్పని పట్టుకున్నాడట. "ఇన్నేళ్లలో నా తప్పు పట్టిన మొదటి మనిషి" అంటూ ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఆయనకు లోపల ఇంత బాధ ఉందని నాకు తెలియదు. నాకూ ఏడుపొచ్చింది.

"మరి నా గంజి గురించి ఏమన్నారు?" అంది అమ్మ.

"ఎవరూ అడగలేదండీ. మూడున్నర గంటలూ గుండె గురించే."

అమ్మ మూతి ముడుచుకుంది. సూదిలో దారం ఎక్కించుకుని, నా వైపు తిరిగింది.

"అమ్మాయ్, ఆ ముప్పై నాలుగో దాంట్లో ఏముందే?"

"దానికి మూడు సైటేషన్లు" అన్నాను ఠక్కున.

"నేనడిగింది అది కాదు" అంది అమ్మ.