వెంకటగిరి తాడు

ఉదయం ఎనిమిదిన్నర కాగానే డాక్టర్ మనోహర్ గడప లోపల కుర్చీ వేసుకుని, బూరె మెడపట్టీకి తాడు తగిలించి, "పద" అనేవారు. బూరె అంటే కుక్క. గుండ్రంగా, గోధుమ రంగులో ఉంటుందని ఆయన భార్య లీల పెట్టిన పేరు. అది మూడంతస్తుల మెట్లు దిగి, జర్మనీలోని హైడెల్‌బర్గ్ వీధుల్లో పడి, బేకరీ మీదుగా నెక్కర్ నది ఒడ్డుదాకా తిరిగి ముప్పావు గంటకి ఇల్లు చేరేది. ఆయన మాత్రం కుర్చీలోంచి లేచేవారు కాదు. తాడు రెండో కొస ఆయన చేతిలోనే ఉండేది.

తాడు సాగేది, అంతే. లీల తన పాత వెంకటగిరి నూలు చీర చింపి జడలా అల్లింది దాన్ని. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మీటరున్నర. పోయిన మే నెలలో ఆవిడ పోయాక, కుక్క ఎంత దూరం వెళితే అంత. మెట్ల మీద పిల్లలు దాన్ని దాటుకుని దిగేవాళ్ళు. సైకిళ్ళవాళ్ళు గంట కొడితే దారినపోయేవాళ్ళెవరో ఎత్తి పట్టుకునేవాళ్ళు. మునిసిపాలిటీ మనిషి ఒకాయన వచ్చి చూసి, ఈ కరోనాలో దూరం ఇంత బాగా పాటించేవాళ్ళు అరుదని మెచ్చుకుని మరీ వెళ్ళాడు.

వచ్చిన చిక్కల్లా బూరె లాగుడుతో. ఉడత కనిపిస్తే చాలు, రెండు వీధుల అవతల నుంచి లాగేది. ఇక్కడ కుర్చీ, డాక్టరూ కలిసి గడపకి గుద్దుకునేవారు. తెనాలి దగ్గర రైతుబిడ్డ కాబట్టి ఆయనకి తెలిసింది పగ్గం ఒక్కటే. పగ్గం లాగితే ఎద్దు ఆగుతుంది. కుక్క మాత్రం లాగేకొద్దీ ఇంకా లాగింది. ఆ ముక్క ఒప్పుకోవడానికి డెబ్భై ఆరేళ్ళ ఆయనకి నాలుగు నెలలు పట్టింది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉండే కూతురు వైశాలి వీడియో కాల్లో కమిలిన భుజం చూసేసింది.

"నాన్నా, ఈస్టర్ సెలవులకి వస్తున్నా. అప్పటికి అది లాగడం మానకపోతే నేనే తీసుకెళ్ళి ఎవరికైనా ఇచ్చేస్తా."

"మీ అమ్మ పెంచిన కుక్కే అది!"

"అమ్మ ఉంటే మీ భుజమే చూసుకునేది. నేను చెప్పేది వినండి. తాడు బిగిస్తే మీరు ఆగిపోవాలి. వదులైతేనే ముందుకి పోనివ్వాలి. తిట్టకూడదు, లాగకూడదు. ఓపిక పట్టాలి, అంతే."

బూరె కూడా పోతే ఆ ఇంట్లో తనతో పాటు ఊపిరి పీల్చే ప్రాణి ఉండదు. అందుకని ఆయన ఓపిక పట్టారు. తాడు బిగిస్తే కొస కుర్చీకి కట్టేసి, నాడి చూసినట్టు రెండు వేళ్ళు ఆనించి కూర్చునేవారు. వదులవగానే "పద" అనేవారు. ఫిబ్రవరి అంతా ఆగడమే సరిపోయింది. మార్చి వచ్చేసరికి తాడు చెరువునీళ్ళలా నిమ్మళించింది. అప్పుడు తెలిసింది ఆయనకి, బిగిసిన తాడులో లాగుడు తప్ప ఇంకేమీ తెలియదని. వదులు తాడులో అన్నీ తెలిసేవి. బూరె వాసన చూడటం, తోక ఊపడం, రోజూ రాజ్యశ్రీ తోటలో ఆగి కేరట్ ముక్క నమలడం.

రాజ్యశ్రీ లీలకి నలభై ఏళ్ళ స్నేహితురాలు. మూడు వీధుల అవతల ఒక్కర్తే ఉంటుంది. వారం వారం ఫోన్ చేసేది.

"అన్నయ్యగారూ, కుక్కొక్కటే వస్తోంది. మీరూ రావచ్చుగా? తోటలో దూరదూరంగా కూర్చుని కాఫీ తాగుదాం."

"ఏటిసూతకం అమ్మా. ఏడాది తిరిగేదాకా ఎవరి గడపా తొక్కకూడదు."

"మీ నాన్నగారు పోయిన మూడో రోజే డ్యూటీకెళ్ళిన మనిషి మీరు! ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ సూతకం."

ఆవిడ అన్నది నిజమే. సూతకం వంక. ఆయనకి భయం. లీలతో నడిచిన వీధిలో లీల లేకుండా నడవాలంటే భయం. సరుకులు కింది ఇంటివాళ్ళు తెచ్చి పెడుతున్నారు కదా అని పది నెలలుగా గడప దాటలేదు.

ఆ మంగళవారం బూరె ఎప్పటిలాగే రాజ్యశ్రీ తోట చేరింది. కేరట్ నమిలిన అలికిడి లేదు. తాడు బిగియలేదు, కదలనూ లేదు. పది నిమిషాలు చూశారు. అప్పుడు ఆయన వేళ్ళ కింద సన్నగా ఏదో కొట్టుకుంది. ఆగింది. మళ్ళీ కొట్టుకుంది.

కుక్క గుండె అలా కొట్టుకోదు. అది మనిషి నాడి, ఆ తోటలో ఉండే మనిషి రాజ్యశ్రీ ఒక్కర్తే. ఆయన గడియారం చూసి లెక్కపెట్టారు. నిమిషానికి ముప్పై ఎనిమిది, ఉండాల్సిన దాంట్లో సగం. వెంటనే అంబులెన్సుకి ఫోన్ చేసి రాజ్యశ్రీ అడ్రసు, నాడి వేగం చెప్పారు. వాళ్ళు బయల్దేరామన్నారు. ఇంక ఆయన చెయ్యగలిగింది ఏమీ లేదు, అక్కడే కూర్చుంటే.

తాడు వదిలితే నాడి అందదు. పట్టుకుని కూర్చుంటే ఆవిడ ఒంటరిగా పోతుంది. మనోహర్ మాస్కు పెట్టుకుని, ఇంటి చెప్పులతోనే గడప దాటారు. ఎడమచేతి వేళ్ళతో నాడి లెక్కపెడుతూ, కుడి మోచేతికి తాడు చుట్టుకుంటూ మెట్లు దిగారు. బేకరీ దాటారు. లీల ఎప్పుడూ అలుపు తీర్చుకునే బెంచీ దాటారు. ఏడుపొచ్చింది. లెక్క మాత్రం తప్పలేదు.

రాజ్యశ్రీ గడ్డి మీద పడి ఉంది. పడేటప్పుడు ఆసరాకి దొరికిన తాడు మణికట్టుకి రెండు చుట్లు పడింది. పక్కనే బూరె రాయిలా కూర్చుంది. కంచె మీద ఉడత అటూ ఇటూ పరిగెడుతోంది. బూరె దాన్ని చూస్తోంది గాని ఒక్క అంగుళం కూడా లాగలేదు. లాగి ఉంటే చుట్లు జారిపోయేవి.

"వచ్చారా?" అంది రాజ్యశ్రీ సన్నగా.

"వచ్చానమ్మా. మాట్లాడకు," అని అంబులెన్సు వచ్చేదాకా ఆవిడ చెయ్యి వదల్లేదు.

మధ్యాహ్నానికే ఆవిడకి పేస్‌మేకర్ పెట్టారు. సాయంత్రం వైశాలి ఫోన్లో ఏడుస్తూ, "బూరెని ఎవరికీ ఇవ్వను నాన్నా," అంది.

మర్నాడు ఎనిమిదిన్నరకి ఆయన అలవాటుగా కుర్చీ వేసుకుని, "పద" అన్నారు. బూరె రెండు మెట్లు దిగింది. తాడు బిగిసింది. మీటరున్నర దగ్గర ఆగిపోయి, ఇంక సాగలేదు.

బూరె లాగలేదు. తాడు బిగిస్తే ఏం చెయ్యాలో దానికి తెలుసు. మెట్టు మీద నిలబడి, వెనక్కి తిరిగి, ఓపిగ్గా ఆయన వంక చూసింది. మనోహర్ లేచి, బూట్లు వెతికి, పది నెలల దుమ్ము దులిపి తొడుక్కున్నారు.