కడిగిన సీసాలు

కాలనీలో నాలుగువందల ఇళ్లకు నీళ్లిచ్చే ప్లాంటులో పరీక్షలు చేసే ఆవిడను అందరూ నీళ్లమ్మాయి అంటారు. ముప్పై తొమ్మిది నిండి, కణతల దగ్గర తెల్లవెంట్రుకలు తొంగిచూస్తున్నా పేరుకు మాత్రం వయసు రాలేదు. ఆమెకూ తొందర లేదు. నీళ్ల ముసలమ్మ అనిపించుకోవడానికి ఇంకా టైముంది.

తొమ్మిది రోజులుగా ఆ పేరు చెబితేనే జనానికి ఒళ్లు మండుతోంది. ఎగువ పొలాల్లో చల్లిన కలుపు మందు వానకు కొట్టుకొచ్చి కాలనీ బావుల్లో చేరింది. దానికి రంగు లేదు, వాసన లేదు. కంటికి కనిపించని దాని కోసం కుళాయిలు ఆపించిన మనిషి కళ్లెదుట కనిపిస్తే ఎవరికి మాత్రం ముద్దొస్తుంది? ట్యాంకరు దగ్గర నిలబడ్డ ఆడవాళ్లు ఆమె వెళ్తుంటే మాటలు ఆపేసేవారు. తిట్టినా బాగుండేది.

ప్లాంటు వెనకాల సిమెంటు ట్యాంకులో ఆమె ఆ నీళ్లకు వైద్యం మొదలుపెట్టింది. నీళ్లకు కాస్త ఆమ్లం పట్టించి, ఇనుప లవణం కలిపి, పైనుంచి పెరాక్సైడు పొయ్యాలి. ఇనుమూ పెరాక్సైడూ కలిశాయంటే ఎదురొచ్చినదాన్నల్లా చీల్చి చెండాడతాయి. కలుపు మందు కూడా ఆ దెబ్బలకే ముక్కలవుతుంది. గంటయ్యాక సున్నం వేస్తే ఇనుము బురదై అడుగుకు దిగుతుంది, కొట్లాట ఆగుతుంది, పైన తేట నీళ్లు మిగులుతాయి.

సున్నం వేసే నిమిషం ముందు సీసాల్లో నీళ్లు పట్టి నగరంలోని పెద్ద ల్యాబుకు పంపుతారు. సున్నపు నీళ్లు పంపితే అక్కడి మిషను అలిగి కూర్చుంటుంది. అయితే సున్నం పడని నీళ్లు సీసాలో కూడా కొట్లాడుతూనే ఉంటాయి కాబట్టి, ఖాళీ సీసా అడుగున ముందే చిటికెడు తెల్లపొడి వేసి ఉంచడం నీళ్లమ్మాయి పద్ధతి. నీళ్లు పడగానే ఆ పొడి పెరాక్సైడును తినేస్తుంది, కొట్లాట అక్కడికక్కడే ఆగుతుంది.

శుక్రవారం మధ్యాహ్నం రిపోర్టు వచ్చింది. మందు దాదాపు లేదు. నీళ్లమ్మాయి రెండుసార్లు చదివి, నీళ్లు వదలొచ్చని కాగితం మీద సంతకం చేసింది. నాలుగింటికి వాల్వు తిప్పుతారని మేనేజరు అప్పుడే కాలనీ అంతా మైకులో చెప్పించేశాడు. ఆమె తొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి ఆకలేసి అన్నం డబ్బా తీసింది. ఎదురుగా పిన్ని కూర్చుంది.

పిన్ని అంటే మాటవరసకు కాదు, అమ్మకు స్వయానా చెల్లెలు. ల్యాబులో సామాను కడిగే పని నీళ్లమ్మాయే ఇప్పించింది. కడిగిన గ్లాసును మళ్లీ కడిగి, కడిగినందుకు చేతులు కడుక్కునే మనిషి పిన్ని.

"రిపోర్టు బాగా వచ్చిందటగా," అంది పిన్ని.

"వచ్చింది పిన్నీ."

"రాక ఏం చేస్తుంది. నీకే వదిలేస్తే వచ్చేదా? అలాంటి సీసాలు పంపబోయావు."

"ఎలాంటి సీసాలు?"

"అడుగున పిండి అంటుకుని, నాలుగూ అలాగే ఉన్నాయి. నాకే తలకొట్టేసినట్టయింది. పెద్ద ల్యాబువాళ్లు ఏమనుకుంటారే, వీళ్లకు సీసా కడగడం కూడా రాదనుకోరూ? వేడినీళ్లు పోసి, బ్రష్షు పెట్టి తోమి ఆరబెట్టా. చెబితే చిన్నబుచ్చుకుంటావని నీతో అనలేదు."

నీళ్లమ్మాయి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎప్పుడూ పొడి నమూనా పట్టే పూటే వేసేది. ఈసారి మర్నాడు పొద్దున్నే మీటింగుందని ముందురోజు సాయంత్రమే వేసి ఇంటికెళ్లింది. నమూనా పట్టేటప్పుడు మేనేజరు ఆమె చెవి దగ్గర ఫోను పెట్టి ఎవరితోనో మాట్లాడిస్తుంటే, సీసాలోకి చూడకుండానే నింపేసింది.

నాలుగు సీసాల్లో మూడు నగరానికి వెళ్లాయి; ఒకటి ఫ్రిజ్‌లో ఉంది. లేచి వెళ్లి అందులో పరీక్ష కాగితం ముంచింది. పొడి పడి ఉంటే కాగితం తెల్లగా ఉండాలి. నీలంగా మారింది. పెరాక్సైడు ఇంకా బతికే ఉంది.

అంటే ట్యాంకులో కొట్లాట గంట సాగింది. సీసాలో ఒకటిన్నర రోజు, నగరం చేరి మిషనెక్కేదాకా సాగింది. శుభ్రమైంది సీసాలో నీళ్లు. కాలనీకి వెళ్లబోయేవి ట్యాంకులో నీళ్లు. సీసాలో నీళ్ల రిపోర్టు చూసి తాను ట్యాంకులో నీళ్లకు సంతకం చేసింది.

మేనేజరుకు ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. గడియారం మూడూ నలభై మూడు చూపిస్తోంది. వాల్వు గది ప్లాంటుకు ఆ చివర, నడిస్తే పది నిమిషాలు. నడవలేదు, చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తింది.

వాల్వు బాబాయి చక్రం పక్కన కుర్చీ వేసుకుని, గడియారం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లుగా ఆ చక్రం అతనిదే.

"తిప్పకు బాబాయ్," అంది రొప్పుతూ.

"ఇంకా పన్నెండు నిమిషాలుంది. ముందు కూర్చో."

"నాలుగింటికి కూడా తిప్పకు. నీళ్లు బాగాలేవు."

బాబాయి జేబులోంచి కాగితం తీశాడు. "బాగున్నాయని ఇక్కడుంది. ఈ సంతకం నీది కాదా?"

"నాదే. పొరపాటున పెట్టాను."

"చూడమ్మాయ్. నోటిమాట మీద తిప్పి ఒకసారి కింది వీధి మొత్తం ముంచాను. అప్పట్నుంచి కాగితం ఉంటే తిప్పుతా, కాగితం ఉంటే ఆపుతా. నువ్వు ఏడ్చినా అంతే."

"మేనేజరు గారు ఫోనెత్తడం లేదు బాబాయ్."

"ఆయనెత్తినా నోటిమాటే కదా."

ఏడవడానికి టైములేదు. కాగితం లాక్కుని, సంతకం మీద అడ్డంగా రెండు గీతలు కొట్టి, పక్కన 'రద్దు' అని రాసింది. బాబాయి కళ్లజోడు సవరించుకుని చూశాడు.

"ఇది 'ద్దు' యేనా? పురుగులా ఉంది."

"పరుగెత్తొచ్చి రాశా."

"టైము వెయ్యి. కింద పూర్తి సంతకం పెట్టు." పెట్టింది. బాబాయి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, చక్రానికి గొలుసు చుట్టి తాళం వేశాడు. "ఇక ఇది ఎవరొచ్చినా తిరగదు. ఇప్పుడు చెప్పు, ఏమైంది?"

చెప్పింది. అతను వింటుండగానే నాలుగయింది. నాలుగూ ఐదు నిమిషాలకు మేనేజరు స్కూటరు దిగాడు.

"నీళ్లేవి? అందరూ బిందెలు కుళాయి కింద పెట్టుకుని కూర్చున్నారు."

ఆమె మళ్లీ మొదట్నుంచి చెప్పింది. మేనేజరు చెడ్డవాడేం కాదు. కాకపోతే మైకులో అన్న మాట వెనక్కి తీసుకోవాలంటే ఎవరికైనా కష్టమే.

"గంటసేపు నడిపాంగా. నూటికి తొంభై పాళ్లు బాగానే ఉండి ఉంటాయి."

"ఉండొచ్చు సార్. మిగతా పది పాళ్లు ఎవరింటికి పంపమంటారు?"

మేనేజరు చక్రం వైపు, గొలుసు వైపు, బాబాయి వైపు చూశాడు. బాబాయి పైకప్పు వైపు చూశాడు.

"ఎవరి పొరపాటో రాసివ్వండి," అని మేనేజరు స్కూటరెక్కాడు.

ల్యాబుకొచ్చి రాసింది: 'పొడి వేసిన సీసాల మీద చీటీ అంటించలేదు. నింపేముందు లోపల చూడలేదు.' రెండూ నిజమే. వెనకనుంచి పిన్ని తొంగిచూసింది.

"ఇందులో నా పేరేదీ?"

"అక్కర్లేదు పిన్నీ."

"ఎందుకక్కర్లేదు? కడిగింది నేనైతే. నన్ను దాచిపెట్టి నువ్వు గొప్పదానివైపోదామనా?" పిన్ని కాగితం తనవైపు లాక్కుంది. "నాలుగువందల ఇళ్లే. నా మనవరాలు, మన చంటిది కూడా ఆ కుళాయి నీళ్లే తాగుతుంది." పెన్ను తీసుకుని, నీళ్లమ్మాయి రాసినదాని కింద, 'సీసాలు అడక్కుండా కడిగినది నేను' అని రాసి సంతకం పెట్టింది. కాసేపాగి, 'శుభ్రంగానే కడిగాను' అని చేర్చింది.

ట్యాంకులో నీళ్లు కొన్ని సీసాల్లో పట్టి, సున్నం నలుసు లేకుండా వడగట్టి, ఈసారి ఆ సాయంత్రమే ప్రత్యేకంగా వ్యానులో నగరానికి పంపారు. శనివారం మధ్యాహ్నం దాకా నీళ్లమ్మాయి ఫోను వదల్లేదు. ఎక్కువ రాకూడదని దేవుణ్ని కోరుకుంది. తక్కువొస్తే ఊరికే ఊరందరినీ ఉసూరుమనిపించిందంటారని భయపడింది. తనకేది కావాలో తనకే తెలియలేదు.

ఫోను మోగింది. పరిమితికి మూడింతలు.

గెలిచినట్టేమీ అనిపించలేదు. గోడకానుకుని, నాలుగింటికి కుళాయి కింద పెట్టిన బిందెలన్నీ లెక్కపెట్టుకుంది. తర్వాత మేనేజరు గదిలోకి వెళ్లి అంకె చెప్పింది. ఆయన ఫోను తీశాడు.

"ట్యాంకర్లకు నేను చెప్తాను. మైకులో కూడా నేనే చెప్తాను," అన్నాడు. "ఈసారి ఎంతసేపు నడుపుతారు?"

"మూడు గంటలు."

"చాలుతుందా?"

"తెలీదు సార్. ఎల్లుండి చెప్తాను. ఇవాళ మాత్రం అడక్కండి."

ఆమె చేతులకు తొడుగులు వేసుకుని, ఆమ్లం క్యాను మూత విప్పడానికి వెళ్లింది.