ఫీబమ్మ మోసిన మాట

ఫీబమ్మ సావుకారు కొట్లో కూర్చుని చేటలో కాఫీ గింజలు పరిచి, నల్లవాటిని రెండు వేళ్లతో ఏరి పక్కన వేస్తోంది. నోరు సగం తెరిచే ఉంచింది. మూస్తే నాలుక అంగిలికి తగులుతుంది, అక్కడ పుండు. చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం చిన్నప్పుడే తల్లి దగ్గర నేర్చింది. దాని ఫలితం ఇప్పుడు చేతికొచ్చింది. అంగిలి తీసేయాలని, ఆ తర్వాత ఆమె మాట ఎవరికీ అర్థం కాకపోవచ్చని అరకు డాక్టరు చెప్పి, విశాఖ పొమ్మన్నాడు. అది పంట మొదట్లో సంగతి. ఇప్పుడు పంట అయిపోవచ్చింది.

కొట్లో గింజలేరడానికి ఎవరైనా దొరుకుతారు. ఆదివారం కొండమీద పాస్టరుగారి తెలుగును కొండవాళ్ల కువి భాషలో చెప్పడానికి ఇంకొకరు లేరు. ఇంకొక్క ఆదివారం, ఇంకొక్క ఆదివారం అని దేవుణ్ణి అడుగుతూ ఇంతదాకా లాక్కొచ్చింది. నిన్నటి నుంచి రక్తం పడుతోంది. ఇక అడగడానికి మొహం చెల్లలేదు.

చేట గోడకు ఆనించి లేచింది.

"ఏటే పీబమ్మా, అప్పుడే ఎల్పోతన్నావు? మీ దేవుడికి ఇన్నాళ్లయినా కువి రానేదేటే?" అన్నాడు కాటా దగ్గరున్న సావుకారు సర్వేశ్వరరావు.

"మీరూ జుట్టు నెరిసేదాకా ఇక్కడే ఉన్నారు గదా బాబూ. మీకొచ్చిందేటి?"

"నోరు పాడయినా దురుసు పోనేదు!"

"రేపు రైలెక్కుతాను బాబూ."

సావుకారు నవ్వు ఆగింది. కాసేపు కాటా పళ్లెం తుడిచాడు. "బేగి వచ్చీ. నీ సేట ఇంకెవలికీ ఇయ్యను," అన్నాడు.

ఫీబే అన్నది బాప్తిస్మంలో పెట్టిన పేరు. పౌలు రాసిన ఉత్తరాన్ని రోముకు మోసుకెళ్లిన మనిషట. బైబిల్లో ఆమె గురించి నాలుగు ముక్కలే ఉన్నాయి. ఆమె నోటి మాట ఒక్కటీ లేదు. తన మాట మిగలకపోయినా మోసిన మాట మిగిలింది. ఫీబమ్మకు ఆ బేరం నచ్చింది. కొండవాళ్లలో కొందరు గింజలు తడిపి బరువు పెంచుతారు, సావుకార్లలో కొందరు తూకం నొక్కుతారు. రెండూ చూసిన మనిషి కనుక ఆమె ఒక్క నియమం పెట్టుకుంది. మూటైనా మాటైనా, ఎంత ఎత్తుకుంటే అంత దించాలి.

పాస్టరు ఉదయ్ కింద ఊరి నుంచి వచ్చిన కుర్రాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ కొండెక్కి మంగరాజు ఇంటికి చేరేసరికి అరుగు ముందు జనం కూర్చుని ఉన్నారు. మంగరాజు కూతురు జ్వరంతో పోయింది. డోలీలో కిందికి మోస్తుండగా దారిలోనే ప్రాణం పోయింది. కొండదేవతను వదిలినందుకే ఇలా అయిందని అతని అన్నలు అంటున్నారు. బిడ్డ తల్లి చిట్టెమ్మ ఆ రోజు నుంచి మెతుకు ముట్టలేదు, నీళ్లు కూడా బలవంతాన పట్టాల్సి వస్తోంది. ఈ మనిషి ఇక దక్కదని ఇంట్లోవాళ్ల భయం. ఏదైనా మాట తెచ్చారా అన్నట్టు అందరూ ఫీబమ్మ నోటి వైపే చూస్తున్నారు.

ఉదయ్ గొంతు సవరించుకున్నాడు. "మీ విశ్వాసం చాలకే బిడ్డ పోయింది. మీరింకా గట్టిగా ప్రార్థన చేయాల్సింది."

ఫీబమ్మ నోరు తెరిచి, ఆగింది.

"అయ్యగారూ, ఇది ఆయన మాటా, మీ మాటా?"

"ముందు చెప్పండమ్మా."

"ఆయనదైతే ఎంత బరువైనా దించుతాను. మీదైతే దించను. ఇయాల నా నోట్లో ఎక్కువ మాటల్నేవు."

ఉదయ్ మొహం ఎర్రబడింది. చిట్టెమ్మను చూశాడు. ఆమె ఎండిన పెదాలను చూశాడు.

"నాదే," అన్నాడు. "ఏం చెప్పాలో నాకు తెలీలేదు. దేవుడు వీళ్లని వదిలిపోలేదు. ఈ అరుగు మీదే, ఈ తల్లి పక్కనే కూర్చుని ఏడుస్తున్నాడు. ఇది మాత్రం ఆయనదే అనుకుంటున్నానమ్మా."

ఫీబమ్మ ఎత్తుకుంది. కానీ అందరికీ వినపడేలా గొంతు పెంచేసరికి పుండు చిట్లింది, నాలుక తగలాల్సిన చోట అంగిలి సరిగ్గా లేదు. మాట ముక్కులోంచి గాలిగా పోయింది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మళ్లీ చెప్పింది. రక్తం పెదవి దాటింది. చెంగుతో తుడుచుకుంది. ఇన్నేళ్లు మోసి, ఆఖరి మూట గుమ్మం ముందు జారిపోతోంది.

వెళ్లి చిట్టెమ్మ పక్కన కూర్చుంది. తమ ఇద్దరి మధ్య ఖాళీగా ఉన్న అరుగు మీద అరచెయ్యి వేసింది. ఒక్కొక్క ముక్కా విడదీసి, ఆమె చెవి దగ్గర మూడోసారి చెప్పింది.

చిట్టెమ్మ ఆ ఖాళీ చోటును చూసింది.

"ఏడుస్తున్నాడా?" అంది కువిలో. ఫీబమ్మ తలూపింది. చిట్టెమ్మ మంగరాజు వైపు తిరిగి అదే మాట పైకి చెప్పింది. మంగరాజు తన అన్నలకు చెప్పాడు. వెనకున్న ముసలమ్మ ఏమిటేమిటని అడిగితే ఎవరో ఆమెకు చెప్పారు.

తర్వాత చిట్టెమ్మ గోడ పట్టుకుని లోపలికి వెళ్లింది. చోడి అంబలి రెండు గుక్కలు తాను తాగింది. మిగిలింది ఎండిన ఆనపకాయ బుర్రలో మెడదాకా పోసి, ఆకు బిరడా పెట్టి తెచ్చి, "దారిలో తాగు," అంటూ ఫీబమ్మ భుజానికి తగిలించింది.

మర్నాడు ఫీబమ్మ రైల్లో కిటికీ పక్కన, ఆ బుర్రను ఒళ్లో పెట్టుకుని విశాఖ వెళ్లింది. ఆపరేషన్‌కు తీసుకెళ్లిన మనిషి తిరిగి వార్డుకు రాలేదు.

మంచం ఖాళీ చేయడానికి వచ్చిన ఆయాకు కింద ఆనపబుర్ర దొరికింది. బిరడా తీసి చూసింది. అంబలి పులిసి నురగ కట్టింది, పోసినంతా మెడదాకా అలాగే ఉంది, ఒక్క గుక్కా తగ్గలేదు.