ఈ ఏటి లిండెన్ పూలు

జూన్ నెలలో ప్రూత్ నది ఒడ్డున మా ఊరంతా లిండెన్ చెట్ల పూల వాసనే. కొత్త కాపురం కదా, నాకది మరీ తియ్యగా తోచేది. తీగ మీద మా ఆయన కోస్తెల్ చొక్కా పక్కన నా గౌను ఆరుతున్నా మురిసిపోయేదాన్ని. మామగారు గవ్రిల్‌కి మాత్రం ఆ పూలు చలికాలపు నిద్ర. నిమోనియా వచ్చి తగ్గాక ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. డాక్టరు మందులు పగటికి సరిపోయేవి. రాత్రి దగ్గు తెర ఆగి కన్ను మూతపడాలంటే ఎండబెట్టిన లిండెన్ పూలు మరిగించి, తేనె కలిపి తాగాల్సిందే. అదీ వాళ్ళమ్మ నాటిన చెట్టు పువ్వే. ఇంకో చెట్టుది ముట్టరు.

ఆ చెట్టు కంచెకి అవతల, ఆయన చెల్లెలు సవేతా పెరట్లో ఉంది. చలికాలంలో ఆవిడకీ దగ్గే, ఆవిడకీ ఆ పూలే మందు. స్థలం పంచుకున్నప్పుడు గొడవపడి ఇద్దరూ మాటలు మానేశారు. ఇన్నేళ్ళూ అత్తగారు వెళ్ళి అడిగి కోసుకొచ్చేవారు. ఆవిడ నిరుడు పోయారు. కొత్త కోడలి మొహమ్మీద ఎవరూ తలుపు వెయ్యరని ఈసారి నన్ను పంపారు.

నిజంగానే వెయ్యలేదు. సవేతా పిన్ని నా చేతికి చెంచాడు చెర్రీ మురబ్బా, గ్లాసుడు చన్నీళ్ళు ఇచ్చింది.

"కాలేజీ చదివావటగా. నీ మొగుడి మొద్దుమొహంలో ఏం చూశావే?"

నవ్వేసి, వచ్చిన పని చెప్పాను.

"దానికేం తల్లీ, కోసుకో. కానీ ఇవాళ మంచు తడి ఉంది. తడి పువ్వు నల్లబడుతుంది. రేపు రా."

మామగారికి చెబితే మొహం వెలిగింది. "అమ్మ కూడా అలాగే అనేది. దానికి గుర్తుంది చూశావా!"

మర్నాడు వాన. "వానకి పుప్పొడి పోతుందే పిల్లా, రెండెండలు కాయనీ." ఆపైన ఆదివారం. "ఆదివారం పూట చెట్టు మీద చెయ్యి వేస్తారుటే? వెళ్ళి మొగుడి మీద వేసుకో!" సిగ్గుతో పరిగెత్తాను. తర్వాత తేనెటీగలు ముసిరాయంది. అన్నిటికీ మామగారు మంచంలోంచి తలూపారు. కోతకు పద్ధతులు అవే మరి. "ఇంకా వ్యవధి ఉందిలే. అది నాకంటే బాగా ఎరుగును" అన్నారు. చెల్లెలు మెత్తబడిందని, ఈ చలికాలం తనే కప్పు పట్టుకొస్తుందేమోనని కూడా అన్నారు.

చివరికి ఒకరోజు గేటు బార్లా తీసి ఉంది. చెట్టుకి నిచ్చెన కూడా వేసి ఉంది.

"రా తల్లీ! నీ ఇష్టం వచ్చినంత కోసుకో."

సంబరంగా ఎక్కాను. పూలు గోధుమరంగుకి తిరిగి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలాయి. వాటి చోట బఠాణీల్లాంటి కాయలు. పువ్వు అప్పుడప్పుడే విచ్చుకుంటున్నప్పుడు కొయ్యాలని, ముదిరితే మందుకి పనికిరాదని నాకు అప్పటికిగాని తెలియలేదు. ఊళ్ళో మిగతా చెట్ల పూలూ అయిపోయాయి.

"మీరెప్పుడు కోసుకున్నారు పిన్నీ?" నిచ్చెన దిగుతూ అడిగాను.

"నేనెక్కడ కోశానే? ఒక్క రెమ్మ తెంపలేదు."

"మీకూ దగ్గు కదా!"

"ఉంటే ఉంది. నాకూ లేదు, మీ మామకీ లేదు. ఈ పంపకంలో ఎవరికీ అన్యాయం జరగలేదని చెప్పు." నా బుగ్గ నిమిరింది. "మురబ్బా తింటావా?"

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. మామగారు ఒక్కటే అడిగారు. "దానికీ లేదా?"

"లేదండి."

గోడవైపు తిరిగి పడుకున్నారు.

అక్టోబరులో మొదటి దగ్గు కంచె అవతల నుంచి వినిపించింది. పొడి దగ్గు, ఎంతకీ ఆగలేదు. మామగారు మంచం మీద లేచి కూర్చుని, మమ్మల్ని మాట్లాడొద్దని చేత్తో వారించి, చెవి రిక్కించి విన్నారు. అన్ని నెలల తర్వాత ఆయన నవ్వడం అప్పుడే చూశాను. ఆ నవ్వులోనే ఆయనకీ దగ్గు తెర అందుకుంది.