అప్పమ్మ హాజరు

అప్పమ్మ చచ్చిపోయి నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళలో ఆవిడ ఒక్కరోజు కూడా పనికి నాగా పెట్టలేదు.

ముక్కున వేలేసుకోకండి. కలకత్తా ఖిదిర్‌పూర్‌లో వీధులూడ్చే మన తెలుగువాళ్ళ లైన్లలో అది ఆచారం. ఉద్యోగం ఉంటేనే లైన్లో గది. అందుకని మనిషి పోయినా ఆ కబురు కార్పొరేషన్ డిపోకి చేరదు, చీపురు మాత్రం చేతులు మారుతుంది. అప్పమ్మ చీపురు అలాగే ఆవిడ మేనకోడలు సుందరి చేతికొచ్చింది. పిల్లకి ఇరవై ఏళ్ళు, డిపో రిజిస్టరులో యాభై రెండు.

సుందరి బెంగాలీ బడిలో ఆరో క్లాసు దాకా చదివింది. వీధి ఊడుస్తూ గోడల మీద రాతలన్నీ పైకి చదివేది, సినిమా బొమ్మ దగ్గర్నుంచి ఎన్నికల నినాదం దాకా. చదివి పకపకా నవ్వేది. వేలిముద్ర తప్ప వేరే రాత తెలియని తల్లి సింహాచలమ్మ ఆ నవ్వు విని మురిసిపోయేది.

భూగర్భ రైలు కోసం కలకత్తా అంతా తవ్విపోసిన రోజులవి. ఒక బుధవారం పొద్దున పనికెళ్ళిన సుందరి తిరిగి రాలేదు. వీధి సగం ఊడ్చి ఉంది. చీపురు టీకొట్టు గోడకి చేరగిలబెట్టి ఉంది. పిల్ల లేదు.

ఇంకో తల్లయితే గుండెలు బాదుకుంటూ పోలీసు థానాకి పరిగెత్తేది. సింహాచలమ్మ ముందు చీపురందుకుంది. మిగిలిన సగం వీధి ఊడ్చి, డిపోకెళ్ళి అప్పమ్మ పేరు పక్కన వేలు పెట్టింది. లైన్లో పుట్టినవాళ్ళకి ముందు హాజరు, తర్వాత ఏడుపు. ఆ తర్వాతే థానాకి వెళ్ళింది.

థానాలో పెద్ద అధికారి బడాబాబు టీ పూర్తిచేసి, డిపోకి ఫోను చేసి, జాలిగా చూశాడు.

"మాషీ, ఆ వీధి అప్పమ్మదట. ఇవాళ కూడా వేలిముద్ర ఉందట. వీధి అద్దంలా ఉంది, వస్తూ నేనే చూశాను. మరి తప్పిపోయిందెవరు?"

"నా కూతురు బాబూ, సుందరి," అంది సింహాచలమ్మ తనకొచ్చిన బెంగాలీలో.

"ఆ పేరుతో అక్కడెవరూ పనిచెయ్యడం లేదు. లేని మనిషి ఎలా తప్పిపోతుంది? పార్టీ ఆఫీసు నుంచి చీటీ పట్రా, చూద్దాం."

ఆ రోజుల్లో పార్టీ ఆఫీసు చీటీ లేనిదే చీమ కూడా కుట్టేది కాదు. అక్కడ అందరూ దాదా అని పిలిచే నాయకుడు అంతా విని కళ్ళు తుడుచుకున్నాడు. చీటీ ఇవ్వలేదు గానీ ఊరేగింపు తీశాడు. తనకన్నా పొడుగైన జెండా పట్టుకుని సింహాచలమ్మ ముందు నడిచింది. మొదటి డిమాండు ఢిల్లీ ప్రభుత్వం మీద, రెండోది అమెరికా మీద, మూడోది కిరసనాయిలు గురించి. సుందరిది ఏడోది. ఐదో డిమాండు దగ్గర వానొచ్చి అందరూ ఇళ్ళకి పోయారు.

పది రోజులు కాళ్ళరిగేలా తిరిగింది. రోజూ పొద్దున్నే మాత్రం వీధి ఊడ్చింది, వేలు పెట్టింది. పదకొండో రోజు సిరా అంటిన వేలు చీరకి తుడుచుకోబోతూ ఆగిపోయింది. కూతుర్ని రోజూ ఉన్నట్టు రాయిస్తున్నది తన వేలే. తిన్నగా లైను సర్దారు బంగారయ్య దగ్గరికెళ్ళి, రేపట్నుంచి పనికి రానని చెప్పింది.

"ఏటే సింహాచలం, బుర్రుందా నేదా?" ముసలాయన అదిరిపడ్డాడు. "నువ్వు నాగా ఎడితే అప్పమ్మేదని అడుగుతారు. తవ్వితే మన లైన్ల పద్నాలుగు పీనుగులు లెగుత్తాయి. నీ గదీ పోద్ది."

"పోనీ మావయ్యా. పిల్ల నేని గది నాకేటికి? అది నేదని ఒక్కడైనా కాయితం మీద రాయాల గదా! నాను ఏలెడితే అది ఉన్నట్టే గదా!"



మర్నాడు ఆమె గడప మీద కూర్చుంది. మూడు రోజుల్లో వీధిలో మోకాలెత్తు చెత్త పేరుకుంది. రిజిస్టరులో మూడు ఎర్రగీతలు పడ్డాయి. నాలుగో రోజు, ఎవరూ పిలవకుండానే, థానా జీపు లైన్లోకొచ్చింది. సుందరి కోసం కాదు. నాగా ఎరగని పర్మినెంటు ఉద్యోగిని అప్పమ్మ కనపడడం లేదని డిపో ఫిర్యాదు చేసింది! పార్టీ దాదా మళ్ళీ ఊరేగింపు తీశాడు. ఈసారి అప్పమ్మే మొదటి డిమాండు, వాన కూడా రాలేదు.

"ఫోటో ఉందా?" అన్నాడు బడాబాబు.

సింహాచలమ్మ పెట్టెలోంచి సుందరి ఫోటో తీసిచ్చింది. ఆయన ఫోటో చూశాడు, కాగితం మీద వయసు చూశాడు. "వయసు తెలియడం లేదే," అనుకుంటూ జేబులో పెట్టుకున్నాడు.

అలా కేసు నమోదైంది. యాభై రెండేళ్ళ ఆడమనిషి కోసం షాలిమార్ నుంచి బడ్జ్ బడ్జ్ దాకా వెతికారు. దొరకలేదు. దొరికితే కదా విడ్డూరం! సుందరి కోసం మాత్రం ఎవరూ వెతకలేదు. పై నెల గది ఖాళీ చేయమన్నారు. బడ్జ్ బడ్జ్ నారమిల్లులో పనిచేసే చెల్లెలు కాసులమ్మ రమ్మంది.

మూట చంకన పెట్టుకుని బస్సుకి వెళ్తూ సింహాచలమ్మ టీకొట్టు దగ్గర ఆగింది. చీపురు దొరికిన గోడకే పోలీసు కాగితం అంటించి ఉంది. టీకొట్టాయన్ని చదివిపెట్టమంది. "అప్పమ్మ, యాభై రెండేళ్ళు, కనపడుట లేదు," అని చదివి, అతను ఫోటో వంకా ఆమె వంకా అయోమయంగా చూశాడు.

ఆమెకి కోపం రాలేదు. పేరు తప్పు, వయసు తప్పు, మొహం మాత్రం సుందరిదే. గోడ మీది రాత ఏదీ చదవకుండా వదలని పిల్ల. ఈ ఊళ్ళో ఎక్కడున్నా ఎప్పుడో ఈ కాగితం కంటపడకపోదు. తన బొమ్మ కింద అత్త పేరు చదివి పకపకా నవ్వుతుంది. ఆ నవ్వు వింటే పట్టేసుకోవచ్చు.

వానకి కాగితం ఒక మూల ఊడి వేలాడుతోంది. సింహాచలమ్మ మూట దింపి, ఆ మూలని బొటనవేలితో అదిమి, అంటుకునేదాకా అలాగే నిలబడింది. ఈలోగా బస్సు వెళ్ళిపోయింది.